పొలిమేర దాటని ఊరు

ఇంగ్లీషువాళ్ళ ఊళ్ళ పేర్లు రాసేదొకటి, పలికేదొకటి. ఇ, వై, ఏ, ఎం అని నాలుగక్షరాలు రాసి, తీరా పిలిచేటప్పుడు ‘ఈమ్’ అంటారు ఒక పల్లెటూరిని. పేరెంత పొట్టిదో ఊరూ అంతే. 2011 జనాభా లెక్కల్లో అక్కడ తేలింది 969 మంది. మన వైపు ఓ మాదిరి పెళ్ళికి అంతకంటే ఎక్కువ విస్తళ్ళే లేస్తాయి. అయినా సరే, ప్లేగు అనే మహమ్మారి గురించి ఎవరు ముచ్చటించినా ఈ ఊరి పేరు తలచుకోకుండా ముగించరు. అలా తలచుకునేంత పని ఆ ఊరు ఏం చేసిందో చూద్దాం.

ఈమ్ ఉన్నది డెర్బీషైర్‌లో, షెఫీల్డ్ నగరానికి నైరుతి దిక్కున, కొండల మధ్య. బ్రిటన్‌లో మొట్టమొదటి జాతీయ ఉద్యానవనంగా 1951లో ప్రకటించిన పీక్ డిస్ట్రిక్ట్ అంటే ఆ కొండలే. బూడిదరంగు రాతి ఇళ్ళు, రాళ్ళు పేర్చి కట్టిన పొలంగట్లు, గట్ల మధ్య గొర్రెలు. పైకి కనిపించేది ఇంతే. కానీ నేల అడుగున సీసం ఉండేది. వందల ఏళ్ళపాటు ఊరి మగవాళ్ళు ఆ సీసం తవ్వుకునే బతికారు. తవ్విన ఖనిజంలో కొంత భాగం చర్చి మతాచార్యుడికి చెల్లేది కనుక, సీసం బాగా పడిన రోజుల్లో ఈమ్ చర్చి ఉద్యోగానికి గిరాకీ కూడా బాగానే ఉండేదట!

ఊరు మాత్రం చాలా పాతది. చర్చి ఆవరణలో సుమారు 8వ శతాబ్దం నాటి చెక్కడపు రాతి శిలువ ఒకటి నిలబడి ఉంది. మన వేంగిలో తూర్పు చాళుక్యులు ఏలుతున్న రోజులన్నమాట. మన ఆడవాళ్ళకి నచ్చే సంగతి ఇంకోటుంది. 1588 నాటికే ఊట నీళ్ళని గొట్టాల ద్వారా తెచ్చి, వీధిలో అక్కడక్కడ రాతి తొట్లలో పడేటట్టు ఏర్పాటు చేసుకున్నామని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. బిందె చంకన పెట్టుకుని మైళ్ళు నడిచినవాళ్ళకే తెలుస్తుంది ఆ తొట్ల విలువ. ఆ తొట్లు కొన్ని ఇప్పటికీ ఉన్నాయి.

ఇక అసలు కథ. అది 1665వ సంవత్సరం. లండన్‌లో ప్లేగు చెలరేగింది. అధికారుల లెక్కకి ఎక్కిన చావులే 68 వేల పైచిలుకు. లెక్కకి ఎక్కనివి కలుపుకుంటే లక్ష దాకా ఉంటాయంటారు. ఈమ్‌కీ లండన్‌కీ ఎంతో దూరం. ఆ రోజుల్లో ప్రయాణమంటే గుర్రం మీద రోజుల తరబడి. కనుక ఆ భయం ఇక్కడిదాకా ఎందుకు వస్తుందిలే అనుకుని ఉంటారు ఊరివాళ్ళు. మనమైనా అలాగే అనుకుంటాం కదా!

కానీ ఆగస్టు నెలాఖరులో లండన్ నుంచి ఒక బట్టల పెట్టె వచ్చింది. వచ్చింది ఒక దర్జీ ఇంటికి. ఆ ఇంటావిడ మేరీ. మొదటి భర్త కూపర్ పోతే, ఇద్దరు కొడుకులతో అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అనే దర్జీని మళ్ళీ పెళ్ళి చేసుకుంది. వాళ్ళింట్లో జార్జ్ వికర్స్ అనే పనివాడు ఉండి కుట్టుపని చేస్తుండేవాడు. పెట్టె విప్పితే బట్టలు చెమ్మగిల్లి ఉన్నాయి. నిప్పుల దగ్గర ఆరబెట్టాడు. మనమైనా చేసే పని అదే. ఆ మడతల్లో దాగి వచ్చిన గోమార్లకి ఆ వెచ్చదనం సరిపోయింది. వికర్స్‌కి జ్వరం తగిలింది, బిళ్ళలు కట్టాయి. సెప్టెంబరు 7న అతన్ని పూడ్చిపెట్టారు. రెండు వారాలు తిరిగేసరికి మేరీ చిన్నకొడుకు ఎడ్వర్డ్ పోయాడు. ఇంకో పదిరోజుల్లో పెద్దవాడు జోనతన్. మరుసటి ఏడు ఆగస్టులో భర్త. ఇంత జరిగాక ఆ ఇంట్లో ప్రాణాలతో మిగిలింది మేరీ ఒక్కతే. అదృష్టమనాలో, శిక్షే అనాలో!

ఆ ఏడాది ఆఖరికి ఊళ్ళో నలభై మందికి పైగా పోయారు. చలికాలంలో జబ్బు కాస్త వెనక్కి తగ్గింది. అమ్మయ్య అనుకున్నారు. ఎండ కాయడం మొదలయ్యేసరికి మళ్ళీ తల ఎత్తింది, ఈసారి రెండింతల కోపంతో. తాహతున్నవాళ్ళు కొందరు ముందే ఊరు విడిచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళూ మూటాముల్లె కట్టుకోవాలని చూస్తున్నారు. ప్రాణం మీదికి వస్తే ఎవరాగుతారు? అక్కడే ఊరి కథ మలుపు తిరిగింది.

ఈ మలుపుకి కారణం ఇద్దరు మతాచార్యులు. ఒకరు విలియం మోంపెసన్. వయసు ఇంకా 28. అంతకు ఏడాది రెండేళ్ళ ముందే కొత్తగా వచ్చాడు. రెండోవారు థామస్ స్టాన్లీ. అంతకు పూర్వం ఆ ఊళ్ళో ప్రార్థనలు చేయించిన పెద్దాయన. ప్రార్థనలన్నీ ప్రభుత్వం నిర్ణయించిన పుస్తకం ప్రకారమే జరగాలని 1662లో చట్టం వస్తే, ఒప్పుకోనన్నవాళ్ళలో ఈయనా ఒకరు. అందుకని పదవి లేదు. కానీ ఊరివాళ్ళ గుండెల్లో స్థానం ఆయనదే. కొత్త ఫాదిరీ మాట ఎవరూ చెవిని పెట్టరు, పాత ఫాదిరీకి మాట్లాడే అధికారం లేదు. మామూలు రోజుల్లో అయితే వీళ్ళిద్దరూ ఎదురుపడినా పలకరించుకునేవారో లేదో! అలాంటివాళ్ళు 1666 జూన్‌లో ఒక్కటై ఊరివాళ్ళ ముందు నిలబడ్డారు.

వాళ్ళు చెప్పినవి మూడు మాటలు. ఇకనుంచి ఊరేగింపుగా చర్చికి తీసుకుపోయి పూడ్చిపెట్టడం లేదు. ఎవరింట్లో పోయినవాళ్ళని వాళ్ళే, తమ దొడ్లోనో పొలంలోనో పూడ్చుకోవాలి. చర్చి తలుపులు మూసేస్తాం. ప్రార్థనలు ఆరుబయట లోయలో, కుటుంబానికీ కుటుంబానికీ ఎడం ఉంచి. ఇక మూడోది, అన్నిటికంటే కష్టమైనది: ఊరి పొలిమేర ఎవరూ దాటకూడదు. జబ్బు మనతోనే ఆగిపోవాలి, పక్క ఊళ్ళకి పాకకూడదు.

2020లో కరోనా వచ్చినప్పుడు మన పల్లెల్లో చాలాచోట్ల పొలిమేర దగ్గర ముళ్ళకంపలు అడ్డంగా పడేశారు, గుర్తుందా? అది బయటివాళ్ళు లోపలికి రాకుండా. ఈమ్ వాళ్ళు వేసుకున్న కంచె లోపలివాళ్ళు బయటికి పోకుండా! ఈ రెండింటికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. మొదటిది మనల్ని మనం కాపాడుకోవడం. రెండోది ముక్కూ మొహం తెలియని పొరుగూరి పసివాణ్ణి కాపాడడం.

మరి తిండీతిప్పలు? దగ్గర్లో చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైర్ ప్రభువు సామాన్లు పంపిస్తానని మాట ఇచ్చాడు, మాట నిలబెట్టుకున్నాడు. పొరుగూళ్ళ వాళ్ళు రొట్టె, మాంసం తెచ్చి పొలిమేర దగ్గర పెట్టి వెళ్ళిపోయేవారు. స్టోనీ మిడిల్టన్ అనే పక్క ఊరికి పోయే దారిలో గుంటలు చెక్కిన బండరాయి ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ గుంటల్లో వెనిగర్ పోసి, అందులో నాణాలు వేసేవారు సరుకుల కోసం. వెనిగర్‌లో మునిగితే డబ్బుకి అంటిన దోషం పోతుందని వాళ్ళ నమ్మకం. ఊరికి ఉత్తరాన ఒక ఊట దగ్గర కూడా ఇదే ఏర్పాటు. ఆ ఊటకి ‘మోంపెసన్ బావి’ అనే పేరు స్థిరపడిపోయింది.

ప్రార్థనలకి ఎంచుకున్న లోయ పేరు కక్‌లెట్ డెల్ఫ్. ఆ లోయ చుట్టూ ఒక ప్రేమకథ అల్లుకుని ఉంది. దస్తావేజుల్లో ఎంత ఉందో గాని, ఊరి నాలుక మీద మాత్రం పదిలంగా ఉంది. ఈమ్‌లో ఎమట్ సిడాల్ అనే పిల్ల. ఆమెని చేసుకోవలసినవాడు పక్క ఊరి రోలండ్ టోర్. జబ్బు మొదలయ్యాక ఇద్దరూ లోయకి అటు ఒకరూ ఇటు ఒకరూ నిలబడి, మాట్లాడకుండా చూసుకుని వెళ్ళిపోయేవారట. 1666 ఏప్రిల్ ఆఖరున ఒకరోజు ఎమట్ రాలేదు. మరునాడూ రాలేదు. అతను మాత్రం వస్తూనే ఉన్నాడు. కంచె తీసేశాక ఊళ్ళోకి మొదట అడుగుపెట్టినవాళ్ళలో అతనొకడని చెబుతారు.

ఎమట్ కథకి కన్నీళ్ళు వస్తాయి. ఎలిజబెత్ హాన్‌కాక్ సంగతి వింటే కన్నీళ్ళు కూడా రావు, గొంతు ఎండిపోతుంది. ఊరికి కొంచెం ఎడంగా, కొండవాలు మీద రైలీ అనే చోట వాళ్ళ పొలం. 1666 ఆగస్టు 3 నుంచి 10 వరకు, ఎనిమిది రోజుల్లో ఆమె భర్త, ఆరుగురు పిల్లలు పోయారు. ఒప్పందం ప్రకారం పూడ్చిపెట్టవలసింది ఇంట్లోవాళ్ళే. ఇంట్లో మిగిలింది ఆమె. గుంటలు తవ్వింది ఆమె. శవాలని గుడ్డతో కట్టి ఈడ్చుకుపోయింది ఆమె. కొండ అవతల స్టోనీ మిడిల్టన్ వాళ్ళు ఆ దృశ్యం చూస్తూ నిలబడ్డారని, సాయానికి రావడానికి వీల్లేకపోయిందని చెప్పుకుంటారు. పొలం మధ్య చిన్న రాతి గోడ లోపల ఆ ఏడు సమాధులూ ఇప్పటికీ ఉన్నాయి. షెఫీల్డ్‌లో పని నేర్చుకుంటున్న ఒక్క కొడుకు మిగిలాడు. ఆమె చివరికి వాడి దగ్గరికి చేరిందట. వాడితో ఏం చెప్పిందో, అసలు చెప్పగలిగిందో లేదో!

కేథరిన్ మోంపెసన్‌ని కూడా తలచుకోవాలి. ఫాదిరీ గారి భార్య. వయసు 27. పిల్లలిద్దరినీ తీసుకుని దూరంగా పోదామని మొదట భర్తని బతిమాలింది. ఆయన కదలనన్నాడు. పోనీ నువ్వు వెళ్ళమంటే తాను కదలనంది. చివరికి పిల్లలని చుట్టాలింటికి పంపేసి ఇద్దరూ ఉండిపోయారు. ఆమె రోగుల ఇళ్ళకి తిరుగుతూనే ఉంది. ఆగస్టు నెలాఖరులో ఓ సాయంత్రం నడిచి వస్తూ, “గాలి ఎంత తియ్యటి వాసన వేస్తోందో!” అన్నదట భర్తతో. లేని పరిమళం ముక్కుకి తగలడం ప్లేగు లక్షణమని ఆ రోజుల్లో నమ్మేవారు. ఆయన గుండె గతుక్కుమంది. ఆగస్టు 25న ఆమె పోయింది. ఊళ్ళో అప్పటికి చర్చి సమాధుల దొడ్డి వాడటం మానేశారు, అయినా ఆమె సమాధి అక్కడే, ఆ పాత శిలువకి దగ్గరలో ఉంది. ఆ ఒక్క నెలలోనే ఊళ్ళో 70 మందికి పైగా పోయారు.

ఇంత చీకట్లోనూ మనుషులు మనుషుల్లాగే ఉన్నారు. మార్షల్ హౌ అనేవాడికి జబ్బు వచ్చి తగ్గింది. ఇక తనకి మళ్ళీ రాదనే ధీమాతో దిక్కులేని శవాలని తనే పూడ్చేవాడు. కూలి కింద పోయినవాళ్ళ బట్టలూ సామాన్లూ పట్టుకుపోయేవాడు. వాడికేం కాలేదు గాని, పెళ్ళాం, కొడుకూ పోయారు. ఆ సామాన్లతో జబ్బు ఇంటికి తెచ్చానేమోనని వాడు కుమిలిపోయాడంటారు. మార్గరెట్ బ్లాక్‌వెల్ అనే అమ్మాయి కథ వేరు. జ్వరం మైకంలో, దాహానికి, పాలనుకుని పంది మాంసపు కొవ్వు గ్లాసెడు తాగేసి బతికి బట్టకట్టిందట. వైద్యం చిట్కాగా దీన్ని రాసిపెట్టుకోకండి సుమా!

1666 నవంబరు 1న చివరి చావు. పద్నాలుగు నెలల్లో పోయినవాళ్ళు 260 మంది అని పాత లెక్క. అప్పటి ఊరి జనాభా 350 అని కొందరు, అంతకు రెట్టింపని కొందరు. ఎవరి మాట తీసుకున్నా, ముగ్గురిలో ఒకరికి తక్కువ కాదు. ఆ శీతాకాలంలో మిగిలినవాళ్ళు పరుపులూ ఉన్ని బట్టలూ కుప్పపోసి తగలబెట్టారు. ఫాదిరీ గారి బట్టలు కూడా అందులో కలిశాయి.

అసలు జబ్బు ఎందుకు వస్తుందో వాళ్ళకి తెలియదు. ప్లేగు క్రిమిని అలెగ్జాండర్ యెర్సిన్ కనిపెట్టింది 1894లో, హాంకాంగ్‌లో. ఎలుక మీది గోమారి కుడితే అది మనిషికి సోకుతుందని పాల్ లూయీ సైమన్ తేల్చింది 1898లో. ఎక్కడనుకున్నారు? అప్పటి మన దేశంలోనే, కరాచీలో. ఈమ్‌లో మేరీ ఇంటి బట్టల పెట్టె రహస్యం అలా రెండువందల ముప్పై ఏళ్ళకి మన వైపు విడింది. అక్కడితో అయిపోలేదు. 2016లో పరిశోధకులు ఈమ్ చావుల జాబితాని తేదీలవారీగా, ఇళ్ళవారీగా లెక్కకట్టి చూస్తే, నాలుగింట మూడు వంతులదాకా జబ్బు మనిషినుంచి మనిషికే పాకిందని తేలింది. ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళే ఎక్కువగా దొరికిపోయారట. అంటే, సేవ చేసినవాళ్ళకే సోకింది. ఇంట్లో సేవ చేసేది ఎవరో మనకి ఎవరూ చెప్పనక్కరలేదు.

కొందరు చరిత్రకారులు మాత్రం ఈ కథని అంత తేలిగ్గా పూజగదిలో పెట్టనివ్వరు. డబ్బున్నవాళ్ళు ముందే జారుకున్నారు. మిగిలినవాళ్ళకి పోవడానికి చోటేదీ, పోతే రానిచ్చేదెవరు? ఇష్టపడి ఉన్నారా, దిక్కులేక ఉన్నారా? పైగా కదలకుండా ఉండబట్టే ఊళ్ళో చావులు పెరగలేదూ? వందేళ్ళు గడిచాక కవులూ రచయితలూ ఈ కథకి నగలు పెట్టారన్నది కూడా వాళ్ళ ఆక్షేపణ. అన్నీ న్యాయమైన ప్రశ్నలే. ఈ ఊళ్ళోనే 1742లో పుట్టిన కవయిత్రి ఆనా సెవార్డ్ దగ్గర్నుంచి, 1842లో ఊరి చరిత్ర రాసిన విలియం వుడ్ దాకా, మనం ఈనాడు వినే ముచ్చట్లు చాలావరకు ఆ తర్వాతవాళ్ళు సేకరించి చెప్పినవే.

నాకు తోచేది ఒకటే. దిక్కులేనివాళ్ళు త్యాగం చెయ్యలేరని ఎక్కడుంది? పోయే చోటు లేకపోయినా, రాత్రిపూట కొండ దిగి పారిపోయే కాలిబాటలు ఉన్నాయి కదా! ఎవరూ కాపలా కాయని ఆ బాటల మీదికి ఊరు ఊరంతా విరుచుకుపడలేదు. చుట్టుపక్కల ఊళ్ళని జబ్బు కబళించలేదు. ఒప్పందం చేయించినవారి పేర్లు పుస్తకాలకి ఎక్కాయి. దాన్ని రోజూ ఇంట్లో అమలు జరిపినవాళ్ళు మేరీలూ ఎలిజబెత్‌లూ.

మోంపెసన్ 1669లో ఈక్రింగ్ అనే ఊరికి మారిపోయాడు. అక్కడివాళ్ళు ఆయన్ని చూసి బెదిరిపోయి, కొన్నాళ్ళు ఊరి బయట గుడిసెలో ఉంచారని చెబుతారు. జబ్బు పోయి మూడేళ్ళయినా భయం పోలేదు. లోకం తీరు అంతే. స్టాన్లీ 1670లో కన్నుమూశాడు.

ఊరన్నాక ఏడుపొక్కటే ఉంటుందా? కొన్నేళ్ళకి వచ్చిన జోసెఫ్ హంట్ అనే ఫాదిరీ కథ చెప్పుకుని ఈమ్ వాళ్ళు ఇప్పటికీ నవ్వుకుంటారు. సారాకొట్టులో గనివాళ్ళతో కూర్చుని మైకంలో, కొట్టు యజమాని కూతురితో వేళాకోళంగా పెళ్ళితంతు జరిపించుకున్నాడట. సంగతి బిషప్ గారి చెవిన పడింది. వేళాకోళమేమిటి, చేసుకోవలసిందే అన్నాడాయన. చేసుకున్నాడు. ఇంతలో అంతకుముందు నిశ్చయమైన పెళ్ళికూతురు తరఫువాళ్ళు దావా వేశారు! జవాన్లకి చిక్కకుండా చర్చిలోని చిన్న గదిలో కాపురం పెట్టవలసి వచ్చిందట పాపం.

ఇప్పుడు సీసం గనులు లేవు. ఊరికి ప్రదర్శనశాల ఉంది, 1994లో తెరిచారు. ప్రతి ఏటా ఆగస్టు చివరి ఆదివారాన్ని ‘ప్లేగు ఆదివారం’ అంటారు. ఊరివాళ్ళంతా కక్‌లెట్ డెల్ఫ్ లోయకి నడిచి వెళ్ళి, పూర్వం లాగే ఆరుబయట ప్రార్థన చేసుకుంటారు. ఆ రోజుల్లోనే నీటి ఊటలని పూలతో అలంకరించే పండుగ కూడా. చెక్కపలకల మీద తడి బంకమన్ను పరిచి, బొమ్మ గీతలు గుచ్చి, ఆ గీతల మధ్య పూలరేకులు ఒక్కొక్కటే అద్దుతారు. వానపడితే నీళ్ళు జారిపోవాలని, ఇంటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు అద్దడం అందులో కిటుకు. రోజుల తరబడి పదిమంది కూర్చుని చేసే పని. బతుకమ్మ పేర్చే చేతులకి ఆ ఓపిక ఏమిటో చెప్పనక్కరలేదు. పలకమీది పూలు వారం గడిచేసరికి వాడిపోతాయి. మళ్ళీ ఏడాది మళ్ళీ అద్దుతారు.

మేరీ వాళ్ళ ఇల్లు, ఆ పక్క ఇళ్ళు చర్చి పక్కనే ఇప్పటికీ ఉన్నాయి. ‘ప్లేగు ఇళ్ళు’ అని వాటి పేరు. ముందు ఆకుపచ్చ పలకల మీద, ఆ ఇంట్లో ఎవరెవరు ఏ తారీకున పోయారో రాసి పెట్టారు. వికర్స్ పేరు, ఎడ్వర్డ్ పేరు, జోనతన్ పేరు వరసగా ఉంటాయి. వచ్చిన యాత్రికులు నిలబడి చదువుకుంటారు. ఆ తలుపుల వెనక మాత్రం ఈనాటికీ మామూలు సంసారాలే. పొద్దున్నే తలుపు తీసుకుని, ఆ పేర్ల పక్కనుంచే పనుల మీద బయటికి వెళ్తారు, చీకటిపడేసరికి ఇంటికి చేరతారు.